ఆకలి పురుగా, మాక్స్ భూతాలా? ఒక్కటే కొనాలంటే

ఎరిక్ కార్ల్ 'ద వెరీ హంగ్రీ కేటర్‌పిల్లర్', మారిస్ సెండాక్ 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్', ఈ రెండు ఇంగ్లీషు బొమ్మల పుస్తకాల్లో పిల్లలకి ఏది కొనాలి అంటే చాలామంది కళ్లు మూసుకుని మొదటిదే అంటారు. నేనైతే అంత తొందరగా చెప్పను.

కేటర్‌పిల్లర్ 1969లో వచ్చింది. కార్ల్ ఓసారి ఊరికే కాగితాల దొంతరకి పంచ్‌తో కన్నాలు వేస్తుంటే పుస్తకాలు తినే పురుగు గుర్తొచ్చిందట, అలా విల్లీ అనే పురుగు కథ మొదలైంది, ఎడిటర్ ఆన్ బెనెడ్యూస్ గొంగళిపురుగు అయితే ఎలా ఉంటుంది అన్నాకే చివర్లో సీతాకోకచిలుక వచ్చి చేరింది. ఆ కన్నాలూ చిన్నా పెద్దా పేజీలూ అమెరికాలో అచ్చేస్తే ఖర్చు తడిసి మోపెడు, అందుకే జపాన్‌లో వేయించారు. పురుగు రోజుకో రకం పండు తింటూ పోతుంది, తిన్నచోటల్లా పేజీలో నిజంగానే కన్నం ఉంటుంది. రెండేళ్ల పిల్లలకి ఆ కన్నంలో వేలు దూర్చడమే పెద్ద పని, వారాలూ అంకెలూ ఆ ఆటలోనే వచ్చేస్తాయి. సీతాకోకచిలుక కకూన్ (పట్టుగూడు) లోంచి రావడం సైన్స్ ప్రకారం తప్పే, అది వచ్చేది ప్యూపా లోంచి, కానీ కార్ల్ మార్చలేదు, పిల్లలూ పట్టించుకోరు.

సెండాక్ పుస్తకం 1963ది, మరుసటి ఏడాది అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ మెడల్ వచ్చింది. ముందు గుర్రాల కథ అనుకున్నాడు, గుర్రాలు గీయడం రాక భూతాలకి దిగాడు, వాటి మొహాలకి చిన్నప్పుడు బ్రూక్లిన్‌లో ఇంటికొచ్చి బుగ్గలు పిండే చుట్టాలే ఆధారం (ఈ సంగతి తెలిశాక ఆ పళ్లు చూస్తే భయం పోయి నవ్వొస్తుంది). అల్లరి చేసిన మాక్స్‌ని తల్లి అన్నం పెట్టకుండా గదిలోకి పంపేస్తుంది, వాడు అక్కణ్ణుంచి ఊహలో భూతాలుండే చోటికి వెళ్లిపోతాడు, వాడి కోపం పెరిగేకొద్దీ బొమ్మ కూడా పేజీలో పెద్దదవుతూ పోయి చివరికి మాటలే లేని మూడు జంట పేజీలు మొత్తం ఆక్రమించేస్తుంది. ఏ పెద్దమనిషీ మధ్యలో వచ్చి బుద్ధి చెప్పడు, నాకు బాగా నచ్చింది అదే.

ఇద్దరి కెరీర్లూ అంతే తేడా. కార్ల్ అడ్వర్టైజింగ్ లోంచి వచ్చినవాడు, రంగులద్దిన టిష్యూ పేపర్ కత్తిరించి అతికించే పద్ధతిని జీవితాంతం వదల్లేదు, ఏ పేజీ చూపించినా గుర్తుపట్టేస్తాం. సెండాక్ మాత్రం 1970లో 'ఇన్ ద నైట్ కిచెన్'కి కామిక్స్ లాగా గీసి, 1981లో 'ఔట్‌సైడ్ ఓవర్ దేర్'కి పాతకాలం పెయింటింగుల వైపు వెళ్లిపోయాడు, ఒకటి నచ్చినవాళ్లకి ఇంకోటి నచ్చుతుందని గ్యారంటీ లేదు.

మూడేళ్ల లోపైతే కేటర్‌పిల్లర్, అట్ట పేజీల ఎడిషన్ తీసుకోండి. ఆ పైన, లేదా ఒక్కటే కొంటాం అంటే మాక్స్. ఐదేళ్లకి కన్నాల సరదా తీరిపోతుంది, అమ్మ మీద కోపం మాత్రం అప్పటికీ వస్తూనే ఉంటుంది కదా. కాకపోతే చివరి పేజీలో బొమ్మ ఉండదు, అయిపోయిందనుకుని పుస్తకం మూసేయకండి, మాక్స్ కోసం పెట్టిన అన్నం ఇంకా వేడిగానే ఉందన్న మాట ఆ పేజీలోనే ఉంది.