మరణానికీ అంత్యతీర్పుకీ మధ్య: ఏ బోధ మేలు?

విశ్వాసి కన్నుమూసిన మరుక్షణం ఎక్కడుంటాడు? ప్రభువు సన్నిధిలో మెలకువగానా, ఏమీ తెలియని నిద్రలోనా, ఉత్తరించు స్థలంలో శుద్ధి పొందుతూనా? సమాధి కార్యక్రమం జరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. క్రీస్తు తిరిగి వస్తాడని, మృతులు లేస్తారని, తీర్పు ఉంటుందని ఈ మూడు పక్షాలూ ఒప్పుకుంటాయి. తగాదా అంతా మధ్యకాలం గురించే.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. పాతాళం (మృతుల లోకం), అగ్నిగుండం ఒకటి కావు. ప్రకటన 20:13-14లో మృతుల లోకం తనలో ఉన్నవారిని అప్పగించేస్తుంది, ఆ తర్వాత దాన్నే అగ్నిగుండంలో పడవేస్తారు. అంటే అది తాత్కాలికం. లూకా 16లోని ధనవంతుడు ఉన్నది పాతాళంలో, తీర్పు తర్వాతి అగ్నిగుండంలో కాదు. ఈ తేడా పట్టించుకోకుండా వాదనకు దిగితే ఇద్దరూ వేర్వేరు కాలాల గురించి అరుచుకుంటూ కూర్చుంటారు.

ఆత్మనిద్ర బోధను చాలామంది రెండు మాటల్లో కొట్టిపారేస్తారు. అది న్యాయం కాదు. నేడు దీన్ని గట్టిగా పట్టుకున్నది సెవెంత్ డే అడ్వెంటిస్టులు అనే క్రైస్తవ శాఖ. వారి 28 మూల విశ్వాసాల్లో 26వది ఇదే. నిద్రపోవడానికి శరీరం నుంచి విడిపోయిన ఆత్మ ఒకటి ఉందని వాళ్లు అనరు. ఆదికాండము 2:7 ప్రకారం మట్టి, జీవవాయువు కలిస్తేనే నరుడు. ఊపిరి పోతే నరుడే లేడు, దేవుడు తిరిగి లేపేదాకా స్పృహ లేదు. ప్రసంగి 9:5, కీర్తన 146:4 వాళ్ల చేతిలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ప్రొటెస్టెంట్ సంస్కర్త మార్టిన్ లూథర్ కూడా కొన్నిచోట్ల మరణాన్ని గాఢనిద్రగా వర్ణించాడు, మరికొన్నిచోట్ల ఆత్మ మెలకువగా ఉన్నట్టే మాట్లాడాడు. మరో సంస్కర్త కాల్విన్ మాత్రం 1534లోనే ఈ బోధ మీద ఒక ఖండన రాశాడు. అది అచ్చయింది 1542లో.

ఆత్మనిద్ర పక్షం అసలు బలం 1 థెస్సలొనీకయులు 4. తమవారిని పోగొట్టుకున్న సంఘానికి పౌలు ఆదరణ చెబుతూ, మీవాళ్లు ఇప్పుడు పరలోకంలో హాయిగా ఉన్నారు అని ఊరుకోడు. బూర మోగుతుంది, మృతులు ముందు లేస్తారు అంటాడు. ఆశంతా పునరుత్థానం మీదే పెట్టాడు. దీన్ని పక్కనపెట్టి ‘ఆయన గమ్యం చేరిపోయారు’ అని ప్రసంగం ముగించేవారికి అడ్వెంటిస్టులు వేసే చురక సరైనదే.

మరి వాళ్ల వచనాలు అంత బరువు మోస్తాయా? ప్రసంగి 9:5 ‘చచ్చినవారు ఏమియు ఎరుగరు’ దగ్గర ఆగదు. వారికిక ఏ లాభమూ కలగదనీ అంటుంది. అక్షరాలా తీసుకుంటే ఇక ప్రతిఫలమూ లేదు, పునరుత్థానమూ లేదు! తర్వాతి వచనమే హద్దు గీస్తుంది: సూర్యుని క్రింద జరిగేవాటిలో వారికి వంతు లేదు. ప్రసంగి మాట్లాడేది ఈ లోకపు వ్యవహారాల గురించి.

నా లెక్కలో ఈ వ్యాజ్యాన్ని తేల్చేది యేసు పక్కన సిలువ మీదున్న దొంగ కథ కాదు, ధనవంతుడి కథా కాదు. పౌలు స్వయంగా వేసిన బేరీజు. ఫిలిప్పీయులు 1:23-24లో రెండు స్థితుల మధ్య ఇరుకున పడ్డానంటాడు. ఒకటి శరీరంలో నిలిచి సంఘానికి సేవ చేయడం. రెండోది వెడలిపోయి క్రీస్తుతో ఉండడం, ‘అది నాకు మరి మేలు’. ఆత్మనిద్ర పక్షం దీనికి తెలివైన జవాబే చెబుతుంది: నిద్రపోయినవాడికి కాలం గడిచినట్టు తెలియదు, కన్ను మూసి తెరిచేసరికి పునరుత్థానమే, కాబట్టి పౌలు అలా అన్నాడు అని. ఈ ఒక్క వచనమే ఉంటే ఆ జవాబు నిలిచేదే. కానీ 2 కొరింథీయులు 5:6-8 దాన్ని నిలవనివ్వదు. అక్కడ దేహంలో ఉండడం అంటే ప్రభువుకు దూరంగా ఉండడం. ప్రభువు దగ్గర నివసించడం అంటే దేహాన్ని విడిచిపెట్టడం. పునరుత్థానమంటే దేహాన్ని మళ్లీ పొందడం కదా. కాబట్టి పౌలు కోరుకున్న ఆ స్థితి పునరుత్థానం కాలేదు. దేహం లేదు, అయినా ప్రభువు సన్నిధి ఉంది. మధ్యకాలంలో తప్ప ఇది ఇంకెక్కడా ఇమడదు.

అదే అధ్యాయం మొదట్లో, ఆ దేహం లేని స్థితిని వస్త్రం లేకపోవడంతో పోల్చి, అలా ఉండడం తనకు ఇష్టం లేదంటాడు. అంటే మధ్యకాలం మేలైనదే, కానీ అసంపూర్ణం. ఈ రెండో సగం వదిలేస్తే మన పక్షం కూడా తప్పుదారి పడుతుంది.

దొంగ విషయానికొస్తే, లూకా 23:43లో యేసు అతనితో ‘నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువని నిశ్చయముగా నీతో చెప్పుచున్నాను’ అంటాడు. ఇక్కడ ‘నేడు’ అన్న మాటను ‘చెప్పుచున్నాను’కు తగిలించి అడ్వెంటిస్టులు చదువుతారు. పాత గ్రీకు ప్రతుల్లో ఇలాంటి విరామచిహ్నాలు లేవన్నది నిజమే. అయితే ‘నిశ్చయముగా నీతో చెప్పుచున్నాను’ వంటి మాట యేసు నోట సువార్తల్లో డెబ్బైకి పైగా సార్లు వస్తుంది. అలా ‘నేడు’ను దానికి కలిపి చదవాల్సిన చోటు మరొకటి లేదు. పైగా దొంగ అడిగింది ఎప్పుడో రాజ్యంతో వచ్చేటప్పటి సంగతి. దానికి బదులుగానే ‘నేడు’ వచ్చింది. యోహాను 20:17లో యేసు ఇంకా తండ్రి దగ్గరకు ఎక్కిపోలేదన్నాడుగా అంటారా? అది లేచిన దేహంతో ఆరోహణం గురించి. తన ఆత్మను తండ్రి చేతికి అప్పగించింది శుక్రవారమే, లూకా 23:46.

లూకా 16ను మాత్రం కొంచెం జాగ్రత్తగా వాడాలి. సమాధిలో దేహం ఉండగానే ఆ ధనవంతుడికి నాలుక, కన్నులు ఉన్నట్టు చెప్పింది కనుక అది పాతాళానికి గీసిన పటం కాదు. దాని నుంచి తీయదగింది ఒకటే: అయిదుగురు అన్నదమ్ములు ఇంకా భూమి మీద బతికుండగానే అతనికి స్పృహ, బాధ ఉన్నాయి. అక్కడి అగాధం వెడల్పు కొలవబోతేనే చిక్కు.

ఇక ఉత్తరించు స్థలం. ప్రొటెస్టెంట్ ప్రసంగాల్లో దీన్ని రెండో అవకాశంగా చెబుతుంటారు, అది తప్పు. కతోలిక బోధ ప్రకారం దేవుని కృపలో చనిపోయినవారే అక్కడికి వెళ్తారు, వెళ్లినవారంతా పరలోకం చేరడం ఖాయం. 1563లో కతోలిక సంఘపు ట్రెంటు మహాసభ శాసనం చెప్పింది కూడా కొంచెమే: ఆ స్థలం ఉంది, అక్కడి ఆత్మలకు విశ్వాసుల ప్రార్థనలు, ముఖ్యంగా దివ్యపూజ, తోడ్పడతాయి. మంట ఎలాంటిది, ఎన్నేళ్లు అన్నది అందులో లేదు. కతోలికుల్లో కూడా ఈ మధ్యకాలం చర్చ లేకుండా తేలలేదు. నీతిమంతుల ఆత్మలు తీర్పు దాకా దేవుణ్ణి ముఖాముఖిగా చూడవని పోపు 22వ యోహాను 1331లో ప్రసంగించి దుమారం రేపి, 1334లో మరణశయ్య మీద ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. 1336లో 12వ బెనెడిక్ట్, శుద్ధి అవసరం లేనివారు వెంటనే చూస్తారని ఖరారు చేశాడు.

ఆధారాల దగ్గర ఈ బోధ బలహీనం. 2 మక్కబీయులు 12లో యుద్ధంలో చనిపోయిన సైనికుల కోసం ప్రార్థన, బలి ఉన్న మాట నిజమే. కానీ ఆ గ్రంథాన్ని ప్రొటెస్టెంట్లు లేఖనంగా అంగీకరించరు. అంగీకరించినా, ఆ సైనికుల బట్టల కింద దొరికినవి విగ్రహాల తాయెత్తులు. అది చిన్న పాపం కాదు. ఉత్తరించు స్థలమేమో చావైన పాపంతో, అంటే దేవుని కృపను పోగొట్టే ఘోర పాపంతో, చనిపోయినవారికి కాదు. 1 కొరింథీయులు 3:13-15లో అగ్ని పరీక్షించేది పనిని, అదీ ‘ఆ దినమున’. చనిపోయిన నాటి నుంచి సాగే శుద్ధి గురించి అక్కడ మాట లేదు.

ఆర్థడాక్స్ సంఘాలు మృతుల కోసం 3, 9, 40వ రోజుల్లో ప్రార్థిస్తాయి, కానీ శుద్ధిచేసే మంటను ఒప్పుకోవు. వివరాలకు కట్టుబడవు కనుక తప్పుపట్టడానికీ పెద్దగా దొరకరు. చనిపోయిన క్షణమే పునరుత్థానం అనే ఆధునిక వాదానికి సమాధిలో ఇంకా ఉన్న దేహమే జవాబు. పునరుత్థానం ఇప్పటికే జరిగిపోయిందనేవారు సత్యం తప్పారని చెప్పే 2 తిమోతి 2:18 చాలు.

సమాధి దగ్గర మాట్లాడేవారికి అడిగేవారు అడుగుతారు కాబట్టి వరస చెబుతాను. ఇప్పుడు ఎక్కడున్నాడంటే ఫిలిప్పీ 1, 2 కొరింథీ 5. ఇక ముందు ఏమవుతుందంటే 1 థెస్సలొనీక 4, 1 కొరింథీ 15. సమయం తక్కువైతే మొదటిది కుదించండి, రెండోది కాదు. ప్రకటన 21లోని బంగారు వీధి ఈ మధ్యకాలానికి చెందదు, అది 20వ అధ్యాయం తీర్పు తర్వాతి సంగతి. చనిపోయినవారు పైనుంచి మనల్ని చూస్తున్నారని హెబ్రీ 12:1 చూపించి చెప్పకండి. అక్కడి సాక్షులు 11వ అధ్యాయంలో తమ విశ్వాసంతో సాక్ష్యం ఇచ్చినవారు, మన పరుగు చూడ్డానికి కూర్చున్న ప్రేక్షకులని ఆ వాక్యభాగం చెప్పదు.