సెల్లార్ గోడకు షాట్‌క్రీటా, ఆర్‌సీసీయా: ఏది మేలు?

మట్టిని ఆపే గోడకు ఏది మంచిదని అడిగితే ముందు రేట్ల లెక్క తీయకండి. ఉన్న నేలను తవ్వుతున్నారా, లేక గోడ కట్టి దాని వెనక మట్టి నింపుతున్నారా? ఇది తేలితే సగం జవాబు దొరికినట్టే.

నింపే పని సంగతి త్వరగా తేలిపోతుంది. ప్లాటు రోడ్డుకన్నా పల్లంలో ఉండి ఎత్తు పెంచాలంటే షాట్‌క్రీట్ (గాలి ఒత్తిడితో చిమ్మే కాంక్రీట్) జోలికి వెళ్లనక్కర్లేదు. చిమ్మడానికి ఎదురుగా మట్టే లేదు కదా! రెండు మీటర్ల లోపు ఎత్తుకు రాతి కట్టడం, అంతకు మించితే ఆర్‌సీసీ.

తవ్వకం దగ్గరే అసలు టెన్షన్. హైదరాబాద్‌లో రెండు సెల్లార్ల అపార్ట్‌మెంట్, హద్దు పక్కనే ఇంకొకరి ఇల్లు అనుకుందాం. విడిగా నిలబడే ఆర్‌సీసీ గోడకు పాదం వెడల్పు సుమారు ఎత్తులో సగం నుంచి మూడింట రెండు వంతులు కావాలి. 6 మీటర్ల గోడకు 3 నుంచి 4 మీటర్లన్నమాట. అందులో ఎక్కువ భాగం మట్టి వైపే ఉండాలి, కానీ అటు ఉన్నది పక్కవాళ్ల స్థలం. పైగా కాంక్రీట్ పడేది అడుగుదాకా తవ్వాకే. అంతవరకూ ఆ నిలువు మట్టికి ఏ ఆసరా ఉండదు. మధ్యలో పెద్ద వాన పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

షాట్‌క్రీట్ పని పైనుంచి కిందికి నడుస్తుంది. మీటరున్నర తవ్వి, మట్టిలోకి కొంచెం వాలుగా రంధ్రాలు వేసి, ఇనుప కడ్డీలు దింపి గ్రౌట్ (పల్చటి సిమెంట్ ముద్ద) నింపుతారు. మెష్ (ఇనుప వల) కట్టి కాంక్రీట్ చిమ్ముతారు. అది గట్టిపడ్డాకే కింది అంచె తవ్వుతారు. ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ దగ్గర 1972లో రైల్వే లైను వెడల్పు చేయడానికి గట్టును కోసినప్పుడు ఇలాగే చేశారు. పది సెంటీమీటర్ల పొర చూసి 'ఇదేం ఆపుతుంది' అంటారు చాలామంది. బరువు మోసేది ప్రధానంగా లోపలి కడ్డీలు. పొర పని వాటి మధ్య మట్టి రాలకుండా చూడడం.

దీనికీ తిరకాసులున్నాయి. కోసిన మట్టి కాంక్రీట్ పడేదాకా తనంతట తాను నిలబడాలి. గట్టి మొరమైతే నిలబడుతుంది. వదులు ఇసుక, ఊట నీళ్లు ఉన్నచోట ఇది వద్దు. ఉబ్బి కుంగే నల్లరేగడి కూడా నమ్మదగ్గది కాదు. కడ్డీలు కూడా పక్కవాళ్ల నేల కిందికే పోతాయి. 6 మీటర్ల లోతుకు 4, 5 మీటర్ల కడ్డీలు మామూలే. అడగకుండా దింపేస్తే, రేపు వాళ్లు సెల్లార్ తవ్వినప్పుడు అవి తెగుతాయి. వాళ్లు ఒప్పుకోకపోతే పైల్స్ (నేలలోకి దింపే కాంక్రీట్ స్తంభాలు) వరస వేసుకోవాలి, ఖర్చు పెరిగినా.

నాణ్యత చాలావరకు నాజిల్ పట్టుకున్న మనిషి చేతిలో ఉంటుంది. గోడకు నిటారుగా, మీటరు దూరం నుంచి చిమ్మాలి. ఏటవాలుగా కొడితే మెష్ కడ్డీల వెనక బోలు మిగులుతుంది. పొడి మిక్స్‌లో (నీళ్లు నాజిల్ దగ్గర కలిసే పద్ధతి) పావు వంతు దాకా ఎగిరి కింద పడొచ్చు. దాన్ని పార పెట్టి ఎత్తి మళ్లీ మెషిన్‌లో వేస్తుంటే పని అక్కడే ఆపించండి. సుత్తితో తట్టి చూస్తే బోలు ఉన్నచోట శబ్దం మారుతుంది.

ఖర్చు విషయానికొస్తే, సెంట్రింగ్ ఖర్చు మిగులుతుంది గానీ కంప్రెసర్, డ్రిల్లింగ్ మెషిన్, నేర్పున్న మనుషులు రావాలి. చిన్న గోడకు ఆ ఖర్చు గిట్టదు.

సెల్లార్‌కైతే నా ఓటు రెండింటికీ. తవ్వేటప్పుడు షాట్‌క్రీట్, తర్వాత దానికి ఆనించి ఒకవైపు సెంట్రింగ్‌తో శాశ్వత ఆర్‌సీసీ గోడ. స్లాబులు పడ్డాక అవే దాన్ని పట్టి ఉంచుతాయి కాబట్టి వెడల్పు పాదం అక్కర్లేదు. ఆ రెండు పొరల మధ్య వాటర్‌ప్రూఫింగ్, నీరు దిగే డ్రైన్ షీట్ ఆర్‌సీసీకి ముందే వేయించుకోండి. గోడ లేచాక ఆ వైపుకి చెయ్యి పోదు.