వాపకొనెటాలో ఆర్మ్‌స్ట్రాంగ్ మ్యూజియం: జెమిని ముందు అరగంట

అమెరికాలోని ఒహాయోలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టిన ఊరు వాపకొనెటా. మా అబ్బాయిని వెంటబెట్టుకుని అక్కడి మ్యూజియానికి వెళ్లాను. 1972లో తెరిచారట. తెల్లని గుమ్మటాన్ని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు.

చంద్రుడి కథ అందరికీ తెలిసిందే. నన్ను కట్టిపడేసింది మాత్రం అంతకుముందు జీవితం. నేవీ పైలట్‌గా కొరియా యుద్ధంలో 78 సార్లు ఎగిరాడు. 1951లో రెక్క కొంత తెగిన పాంథర్ జెట్‌ని ఎలాగోలా సొంత సేనలున్న చోటికి తెచ్చి, పారాచూట్‌తో దూకాడు. అప్పటికి వయసు 21 ఏళ్లే! 1962లో వ్యోమగామిగా ఎంపికయ్యేనాటికి నేవీ ఉద్యోగం వదిలేసిన టెస్ట్ పైలట్.

ఆర్మ్‌స్ట్రాంగ్ అంతరిక్షంలోకి వెళ్లిన అసలైన జెమిని 8 వ్యోమనౌక ఇక్కడే ఉంది. లోపలికి తొంగి చూస్తే రెండు సీట్లు, మోకాళ్లు కదపడానికి కూడా చోటు లేదు. 1966లో అంతరిక్షంలో ఉండగా ఒక థ్రస్టర్ (నౌకని తిప్పే చిన్న రాకెట్ ఇంజిన్) ఆగకుండా మండి, ఇది సెకనుకు ఒక చుట్టు చొప్పున గిర్రున తిరిగింది. ఆ తిరుగుడులోనే ఆర్మ్‌స్ట్రాంగ్ భూమికి తిరిగొచ్చేటప్పటి కోసం ఉంచిన రీఎంట్రీ థ్రస్టర్లు వాడి దాన్ని నిలిపాడు. అరగంట అక్కడే నిలబడిపోయాను. మావాడు చెయ్యి పట్టి లాగినా కదల్లేదు.

పిల్లలతో వెళ్లేవాళ్లు తప్పకుండా చూడండి. నా వరకు ఐదుకి ఐదు.