వైలీ థేమ్స్ చిత్రం: ఇంటికి తెప్పించుకున్న ముద్రణ ప్రతి ఎలా ఉంది

ఆంగ్ల చిత్రకారుడు విలియం లయొనెల్ వైలీ 1883లో లండన్‌లోని థేమ్స్ నదిని చూపుతూ గీసిన పెద్ద తైలవర్ణ చిత్రానికి ‘పోటు నీటి మీద శ్రమ, తళుకు, మసి, సంపద’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ ఏడాదే, బ్రిటన్‌లో గీసిన చిత్రాలను దేశం కోసం కొనే చాంట్రీ నిధి దానిని కొనుగోలు చేసింది. మూలచిత్రం ఇప్పుడు బ్రిటన్‌లోని టేట్ కళా మ్యూజియం సంగ్రహంలో ఉంది. దాని ముద్రణ ప్రతిని ఒక దుకాణం నుంచి ఫ్రేముతో సహా తెప్పించుకున్నాను.

కాగితం మందంగా, మెరుపు లేకుండా ఉంది. ఫ్రేము మూలలు చక్కగా అతికాయి. అసలు చిక్కు రంగుల్లో వచ్చింది. మసిబారిన బార్జీల (సరుకు మోసే బల్లపరుపు పడవల) మీద మనుషులు చెమటోడుస్తుండగా వెనుక పొగలోంచి ఓడలు మసకమసకగా తేలి రావడమే ఈ చిత్రానికి ప్రాణం. ఆ మసిలో గోధుమ, ఊదా, బూడిద ఛాయలు ఎన్నో ఉండాలి. ముద్రణలో అవన్నీ కలిసిపోయి ఒకే నల్లటి ముద్ద అయ్యాయి. నీటి మీది తళుకు మాత్రం బాగా వచ్చింది కనుక, చిత్రం పేరులోని నాలుగు మాటల్లో ఒకటి నిలిచి, మసి దెబ్బతిన్నదని చెప్పాలి. నాకు ఇది చిన్న లోపంగా తోచలేదు, ఎందుకంటే వైలీ ఆ మనుషులను నదికి అలంకారంగా కాక, నది మీద బతికేవాళ్లుగా చూశారు.

ప్రతితో వచ్చిన పరిచయపత్రం ఆయనను నౌకాదళ చిత్రకారుడని ఒక్క ముక్కలో తేల్చేసింది. 1851లో లండన్‌లో పుట్టి, 1869లో, పద్దెనిమిదేళ్లకే, లండన్‌లోని కళాసంస్థ రాయల్ అకాడమీ వారి టర్నర్ పతకం అందుకుని, ‘గ్రాఫిక్’ పత్రికకు బొమ్మలు గీస్తూ, పడవలు నడుపుతూ నదిని దగ్గరగా తెలుసుకున్న మనిషి ఆయన. యుద్ధనౌకలు ఆ తర్వాత ఎక్కువయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇద్దరు కొడుకులను పోగొట్టుకున్నాక కూడా కుంచె వదలలేదు. 1805 ట్రఫాల్గర్ నౌకాయుద్ధంలో బ్రిటిష్ సేనాని నెల్సన్ నడిపించిన ఓడ ‘విక్టరీ’ని కాపాడాలన్న ఉద్యమానికి అండగా నిలిచారు. ఎనభైకి చేరువైన వయసులో ఇంగ్లండ్ రేవు పట్టణం పోర్ట్స్‌మత్‌లో ఆ ట్రఫాల్గర్ యుద్ధ దృశ్యాన్ని నలభై రెండు అడుగుల పొడవున గీశారు. దానిని 1930లో రాజు ఐదవ జార్జి ఆవిష్కరించారు. మరుసటి ఏడాదే వైలీ కన్నుమూశారు. ఇందులో సగమైనా ఆ పత్రంలో ఉండవలసింది.

రంగుల విషయం రాసి పంపితే దుకాణం వారు మర్యాదగా బదులిచ్చి, కాస్త లేత ఛాయలతో మరో ప్రతి పంపారు. అందులో బార్జీ మీది మనుషుల భుజాలు విడివిడిగా కనిపిస్తున్నాయి, పొగ కూడా పొగలాగే ఉంది. కొనదలచినవారు ముందుగానే ఆ లేత ముద్రణను అడిగి తీసుకోవాలి; చిన్న పరిమాణంలో ఆ మనుషులు చుక్కల్లా మిగులుతారు కనుక వీలైనంత పెద్దది ఎంచుకోవాలి.