గాజు పూసల టార్చ్ కోసం "వెంటిలేషన్ ప్యాకేజీ" కొంటున్నారా, డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఇంట్లో టార్చ్ (గ్యాస్, ఆక్సిజన్ కలిపి మండించే బర్నర్) పెట్టుకుని, ఆ మంటలో గాజు కడ్డీలు కరిగించి పూసలు చేసేవాళ్లు, కొత్తగా మొదలుపెడదాం అనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. నాకు 18,500 పోయింది, డబ్బు పోతే పోయింది అనుకుంటాను, కానీ మూడు నెలలపాటు రోజూ రెండు గంటలు ఆ గదిలో కూర్చుని ఏం పీల్చానో తలుచుకుంటే ఇప్పటికీ గుండె గుబేలుమంటుంది. షాపు పేరు రాయట్లేదు, కంప్లైంట్ నడుస్తోంది. అయినా వాళ్లు ఏం చేశారో తెలిస్తే ఇదే సరుకు ఎవరు అమ్మబోయినా మీరు పట్టేస్తారు.

మాది సికింద్రాబాద్ వైపు. మేడ మీద 10 బై 11 గది, ఒక కిటికీ, ఒక తలుపు, పక్కనే బాత్రూమ్. "గ్లాస్ స్టూడియో కంప్లీట్ వెంటిలేషన్" అని చూసి ఆర్డర్ పెట్టాను. వచ్చింది ఏంటంటే 6 అంగుళాల ఫ్యాన్ ఒకటి, డబ్బా మీద గంటకి 1050 క్యూబిక్ మీటర్లు అని రాసుంది, ముడతలు ముడతలుగా సాగే అల్యూమినియం పైపు 5 మీటర్లు, పొగని పట్టి పైపులోకి పంపే ఒక స్టీల్ హుడ్, పైగా కార్బన్ ఫిల్టర్ ఫ్రీ. బిగించడానికి వచ్చినతను వంటింట్లో చిమ్నీ పెట్టినట్టు హుడ్ ని సరిగ్గా నా తల మీదకి వచ్చేలా పెట్టాడు, పైపుని రెండు మెలికలు తిప్పి కిటికీ పై అద్దం తీసి అందులోంచి బయటికి వదిలాడు. వెళ్తూ వెళ్తూ "మేడం, కిటికీ తలుపు మూసుకుని పని చేసుకోండి, అప్పుడే సక్షన్ బాగుంటుంది, ఏసీ కూడా వేసుకోవచ్చు" అన్నాడు. నేను నమ్మాను, ఎందుకంటే ఫ్యాన్ శబ్దం మాత్రం విమానంలా ఉండేది, అంత శబ్దం చేస్తోందంటే లాగుతోందనే కదా అనుకుంటాం.

రెండో వారం నుంచే తలనొప్పి, సాయంత్రానికి గొంతులో గరగర, పొడి దగ్గు. ఎండాకాలం కదా, మంట ముందు కూర్చుంటున్నా కదా అనుకున్నాను. కొత్త డిడీమియం కళ్లజోడు పడలేదేమో అని కూడా అనుకున్నాను, అది మంటలో వచ్చే ఆ పసుప్పచ్చ వెలుగుని ఆపడానికే తప్ప ఊపిరికి దానికి సంబంధం లేదు.

విషయం బయటపడింది ఒక శుక్రవారం. మా అత్తయ్య ఇల్లంతా సాంబ్రాణి వేస్తూ మేడ మీదకి వచ్చి, నేను గాజు కడ్డీలు సర్దుకుంటుంటే ఆ ధూపం గిన్నె తెచ్చి టార్చ్ పక్కనే టేబుల్ మీద పెట్టారు. ఫ్యాన్ ఫుల్ స్పీడ్ లో తిరుగుతోంది. పొగ తీగలా లేచి హుడ్ వైపు వెళ్లకుండా ముందుకి వంగి, నేను వంగి పని చేసే చోటికే వచ్చి, నా ముక్కు ముందునుంచి మెల్లగా పైకెక్కి, అందులో సగం హుడ్ అంచు దాటి సీలింగ్ కింద పరుచుకుంది. అత్తయ్యే "ఇదేంటే, పొగంతా నీ మొహంమీదకే వస్తోంది" అన్నారు. ఆ రోజు టార్చ్ వెలిగించలేదు.

సాంబ్రాణి కాబట్టి కంటికి కనిపించింది. టార్చ్ నుంచి వచ్చేది కనిపించదు, అదే భయం. గ్యాస్ ఆక్సిజన్ కలిసి అంత వేడిగా మండుతుంటే గాలిలో ఉన్న నైట్రోజన్ కూడా మాడి నైట్రోజన్ డయాక్సైడ్ తయారవుతుంది, అది గొంతుని ఊపిరితిత్తుల్ని కోస్తుంది, ఎక్కువ మోతాదులో పీలిస్తే అప్పటికి బాగానే ఉండి కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. కార్బన్ మోనాక్సైడ్ కి వాసనే ఉండదు. కొన్ని ఎరుపు, నారింజ, పసుపు గాజుల్లో కాడ్మియం ఉంటుంది, మంటలో మాడ్చేస్తే దాని పొగ వస్తుంది. పూసల మీద వెండి రేకు వాడేవాళ్లకి వెండి పొగ అదనం. వీటికి ఎన్95 మాస్క్ చాలదు, అది ధూళిని ఆపుతుంది, గ్యాస్ ని ఆపదు. వాళ్లు ఫ్రీగా ఇచ్చిన కార్బన్ ఫిల్టర్ కూడా కార్బన్ మోనాక్సైడ్ ని పట్టుకోలేదు. గాలిని ఫిల్టర్ చేసి మళ్లీ గదిలోకే వదిలే "డక్ట్ లెస్" మోడల్ ఎవరైనా చూపిస్తే అక్కడే దండం పెట్టి వచ్చేయండి.

తర్వాత గాలి వేగం కొలిచే చిన్న మీటర్ కొని పైపు బయటి మూతి దగ్గర పెట్టాను. సెకనుకి 4.5 మీటర్లు వచ్చింది. 6 అంగుళాల పైపు కాబట్టి లెక్కేస్తే గంటకి సుమారు 295 క్యూబిక్ మీటర్లు. డబ్బా మీద 1050! ఫోన్ చేస్తే "అది కంపెనీ రేటింగ్ మేడం" అన్నారు. ఆ రేటింగ్ అంటే పైపు, మెలికలు, ఫిల్టర్ ఏమీ లేకుండా ఫ్యాన్ ని ఉత్తినే తిప్పితే వచ్చే నంబర్. సాగే పైపు లోపలి ముడతలు గాలిని ఆపేస్తాయి, ఒక్కో మెలికా ఇంకొంచెం తినేస్తుంది, ఫిల్టర్ మిగతాది తింటుంది, పైగా తలుపులన్నీ మూసేస్తే బయటికి పోవడానికి గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది అసలు?

ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా తెలిసింది. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. మా బాత్రూమ్ లో గ్యాస్ గీజర్ ఉంది. పరీక్ష కోసం అంతా మూసి ఫ్యాన్ వేసి ఉంచిన టైంలో మావారు స్నానానికి వెళ్లారు, పావుగంటలో నేను కొత్తగా తెచ్చిన కార్బన్ మోనాక్సైడ్ అలారం అరిచింది. టార్చ్ వెలిగించనే లేదు! ఫ్యాన్ బాత్రూమ్ తలుపు సందులోంచి గీజర్ గాలిని ఈ గదిలోకి లాగేసింది. తలుపులు బార్లా తీసి, ఆయన్ని బయటికి పిలిచి, గీజర్ ఆపాక గానీ నా చేతుల వణుకు తగ్గలేదు. ఆ గీజర్ ఇప్పుడు లేదు, కరెంటుది పెట్టించాం.

అసలు ఎలా ఉండాలంటే, హుడ్ తల మీద కాదు, టార్చ్ వెనక ఉండాలి. మన వెనకనుంచి మంచి గాలి వచ్చి, మంటని దాటి, అవతలికి పోవాలి, మన మొహం ఎప్పుడూ ఆ దారిలో పడకూడదు. ఈ పని తెలిసినవాళ్లు ఎక్కువగా చెప్పే లెక్క, హుడ్ మూతి ఒక్కో చదరపు అడుగుకి కనీసం 100 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని క్యూబిక్ అడుగుల గాలి). నా హుడ్ ఇప్పుడు 3 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు, అంటే 4.5 చదరపు అడుగులు, 450 సీఎఫ్ఎం, మన లెక్కలో గంటకి 765 క్యూబిక్ మీటర్లు. రాణీగంజ్ లో డక్ట్ పని చేసే పెద్దాయన ఒకరు గది వచ్చి చూసి, మూడు పక్కలా రేకు మూసి ముందు మాత్రమే తెరిచి ఉండే పెట్టెలాంటి హుడ్ చేశారు. 8 అంగుళాల జీఐ (జింక్ పూత వేసిన ఇనుప) రేకు పైపు, ఒకే ఒక్క మలుపు, అదీ గుండ్రంగా, ఫ్యాన్ గోడ అవతల చివర్లో. ఇప్పుడు పైపు బయటి మూతి దగ్గర సెకనుకి 6.8 మీటర్లు వస్తోంది, అంటే గంటకి 794 క్యూబిక్ మీటర్లు. పాత పైపు మూతి కిటికీకి రెండడుగుల దూరంలో ఉండేది, వదిలిన గాలి మళ్లీ లోపలికే వచ్చేది, ఇప్పుడు అది వెనక గోడనుంచి పిట్టగోడ పైకి పోతుంది, ఎదురుగా తలుపు సగం తీసి ఉంచుతాను. ఏసీ చల్లదనం నిలవదు, చెమటలు పడతాయి, పట్టనీయండి.

గ్యాస్ గురించి ఒక మాట. వాళ్లు నా సిలిండర్ ని టేబుల్ కిందే పెట్టి పోయారు. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేలమీద పరుచుకుంటుంది, హుడ్ ఎంత లాగినా అది అందదు. సిలిండర్ బయట పెట్టించండి, ట్యూబ్ కి ఫ్లాష్ బ్యాక్ అరెస్టర్ (మంట వెనక్కి ట్యూబ్ లోకి పోకుండా ఆపేది) పెట్టించండి.

పూసలు మన నేలకి కొత్తేం కాదు, రేణిగుంట దగ్గర పాపానాయుడుపేటలో కొలిమిలో గాజు కరిగించి గొట్టంలా లాగి పూసలు చేసిన కుటుంబాలున్నాయి. కానీ పడగ్గదంత గదిలో తలుపులు మూసుకుని చేయడం మనకి కొత్త, దాన్నే వీళ్లు సొమ్ము చేసుకుంటున్నారు.

రిటర్న్ అడిగితే బిగించాక తీసుకోం అన్నారు. 1915 కి ఫోన్ చేసి కన్స్యూమర్ కంప్లైంట్ పెట్టాను, బిల్లు, మీటర్ రీడింగ్ ఫోటోలు, సాంబ్రాణి వీడియో అన్నీ ఇచ్చాను. మీరెవరైనా కొంటే సగం డబ్బు ఆపి ఉంచండి, బిగించినతను ఉండగానే టార్చ్ ఆపేసి, అది ఉండే చోట అగరొత్తి వెలిగించి, మీ కుర్చీలో మీరే కూర్చుని చూడండి. పొగ హుడ్ లోకి పోతేనే మిగతాది ఇవ్వండి. ఇప్పటికే ఇలాంటి సెట్ బిగించుకున్నవాళ్లుంటే ఇవాళే ఆ పరీక్ష చేయండి, అప్పటిదాకా టార్చ్ వెలిగించకండి. తలనొప్పి, దగ్గు ఉంటే డాక్టర్ కి "టార్చ్ మీద గాజు పని చేస్తాను" అని విడిగా చెప్పండి, నేను మొదట చెప్పలేదు, ఆయన ఎలర్జీ మాత్రలు రాసిచ్చారు.