ఇరకం దీవి ప్రయాణం: రేవు, పడవ, గ్రామసభ

నెల్లూరు నుంచి పులికాట్ సరస్సు చూడబోయేవారిలో చాలామంది సూళ్లూరుపేటలో దిగి, తలుపులు లేని గుడిలో చెంగాళమ్మను దర్శించుకుని, శ్రీహరికోట రోడ్డు మీద పక్షులను చూసుకుని వెనుదిరుగుతారు. ఆ నీళ్ల మధ్య కాపురాలున్న ఊళ్లున్నాయని, అక్కడా ఒక పంచాయతీ నడుస్తోందని గుర్తుపెట్టుకునేవారు తక్కువ. తడ మండలంలోని ఇరకం దీవి అటువంటి ఊరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన అమలులోకి వచ్చేవరకు అది మా నెల్లూరు జిల్లాలోనిదే. ఇప్పుడు తిరుపతి జిల్లాకు చెందుతుంది. పక్షుల కోసం కాక, గాంధీ జయంతినాటి గ్రామసభ చూడాలని నేను అక్కడికి వెళ్లాను.

నెల్లూరు నుంచి తడకు జాతీయ రహదారి మీద దాదాపు వంద కిలోమీటర్లు. చెన్నై వైపు వెళ్లే బస్సులన్నీ తడలో ఆగవు కాబట్టి ఎక్కేముందే కండక్టరును అడిగి తెలుసుకోవడం మంచిది. చెన్నై నుంచి వచ్చేవారికి సూళ్లూరుపేట లోకల్ రైళ్లు తడలో ఆగుతాయి. దీవిలో యాత్రికులు బస చేయడానికి లాడ్జీ వంటిదేదీ నాకు కనిపించలేదు. సూళ్లూరుపేటలో సాధారణమైన లాడ్జీలు చాలినన్ని ఉన్నాయి, కానీ రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో గది దొరకడం కష్టం, దొరికినా అద్దె పెరుగుతుంది. శ్రీసిటీ పారిశ్రామికవాడ పరిసరాల్లోని హోటళ్లు ఇంకా శుభ్రంగా ఉంటాయి గాని ఖర్చు ఎక్కువ, పైగా ఉదయం పడవ అందుకోవడానికి అక్కడి నుంచి వీలుగా ఉండదు. నేను సూళ్లూరుపేటలోనే దిగాను. గది చిన్నదైనా నీళ్లకు లోటు లేదు, తెల్లవారుజామున ఆటో దొరికింది. ఈ ప్రయాణానికి అంతకు మించి అవసరం లేదు.

పడవ తడ మండలంలోని భీములవారిపాళెం రేవు నుంచి బయలుదేరుతుంది. ఆ రేవులో గడిపిన కొద్దిసేపటిలోనే దీవి జీవితం ఎలా ఉంటుందో చాలావరకు అర్థమైంది. గ్యాస్ బండలు, బియ్యం మూటలు, సిమెంటు బస్తాలు, ఒక మందుల సంచి, కాలికి కట్టు కట్టించుకుని వస్తున్న ఒక ముసలమ్మ, బడిపిల్లలు, మోటారుసైకిలు, అన్నీ ఒకే పడవలోకి ఎక్కవలసిందే. ముసలమ్మను ఎక్కించడానికి ఇద్దరు మోకాలిలోతు బురదలోకి దిగి, చేతులు కలిపి పీటలా పట్టారు. లైఫ్ జాకెట్లు పడవలో ఉన్నాయి, కానీ వాటిని వేసుకోమని ఎవరూ గట్టిగా చెప్పలేదు. నేను అడిగి తీసుకున్నాను, మీరూ తీసుకోండి. నీరు లోతు లేనిచోట ఇంజను ఆపి గడ వేస్తారు. అందుకని ఎంతసేపట్లో చేరతామన్నది నీటిమట్టాన్ని బట్టి మారుతుంది. తుపాను హెచ్చరిక వస్తే పడవలు నిలిచిపోతాయి. అప్పుడు ఊరికి బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోతుంది.

గ్రామసభ చెట్టు కింద, షామియానా వేసి జరిగింది. కార్యదర్శి ఎజెండాను తెలుగులో చదివారు. తమిళనాడు సరిహద్దు ప్రాంతం కాబట్టి మాట్లాడినవారిలో సగంమంది తెలుగూ తమిళమూ కలిపి మాట్లాడారు, అయినా ఒకరి మాట ఒకరికి అందకపోవడమన్నది లేదు. తాగునీరు, వీధిదీపాలు, పారిశుద్ధ్యం గురించి చర్చ త్వరగానే ముగిసింది. పడవ మాట రాగానే సభ స్వభావమే మారిపోయింది. సాయంత్రం ఆఖరి పడవను ఇంకొంచెం ఆలస్యంగా నడిపితే తడలో పనికి వెళ్లేవారు ఇంటికి చేరగలరని ఒక యువకుడు అన్నాడు. చీకట్లో నడిపితే ప్రమాదానికి ఎవరు పూచీ అని ఒక పెద్దాయన అడిగారు. వెనుక వరుసలో కూర్చున్న ఒక స్త్రీ లేచి, ‘‘రాత్రిపూట నొప్పులొస్తే ఏ పడవ ఎక్కాలి సార్? ముందు దాన్ని రాయండి’’ అంది. ఆ మాట తీర్మానాల పుస్తకంలోకి ఎక్కేవరకు ఆమె కూర్చోలేదు.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటుంది. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. దానితో చేరిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు బదలాయించదగిన 29 అంశాలున్నాయి. వాటిలో 5వది మత్స్య పరిశ్రమ, 13వది రోడ్లు, వంతెనలతో పాటు పడవ రేవులు, జలమార్గాలు. అంటే దీవి ప్రజలు ప్రాణంతో సమానంగా చూసుకునే రెండు విషయాలూ ఆ జాబితాలో ఉన్నాయి. అయితే ఏ అధికారాన్ని ఎంత ఇవ్వాలో నిర్ణయించేది రాష్ట్రం. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు సిఫారసు చేసిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలని షరతు పెట్టింది. ఆ షరతు మంచిదే, కానీ ఊరి అసలు దారి నీటి మీద ఉన్నప్పుడు మిగిలిన 40 శాతంలో వీధిదీపాలూ రేవూ పోటీ పడవలసి వచ్చింది. గోదావరి జిల్లాల్లో రేవులను స్థానిక సంస్థలు వేలం వేసి ఆదాయం తెచ్చుకుంటాయి. జనాభా తక్కువ ఉన్న దీవికి వేలం లాభసాటి కాదు. కనుక ఇటువంటి ఊళ్లకు పడవ సర్వీసును రోడ్డుతో సమానంగా లెక్కించి, విడిగా నిధి కేటాయించి, వేళలు నిర్ణయించే హక్కు గ్రామసభకు ఇవ్వడమే న్యాయమని నా నమ్మకం. సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారాల పూడికతీత వంటిది ఒక్క పంచాయతీ చేయగల పని కాదు. పడవ ఏ వేళకు కదలాలన్నది మాత్రం ఆ పడవ ఎక్కేవారే చెప్పగలరు.

పులికాట్ జాలర్లకు చర్చించి పంచుకోవడం కొత్త కాదు. ఏ రోజు ఏ నీటిలో ఎవరు వల వేయాలో వంతులవారీగా నిర్ణయించుకునే ‘పాడు’ పద్ధతి ఈ సరస్సులో తరతరాలుగా ఉంది. తగాదాలను అదుపులో ఉంచిన వ్యవస్థగా దానికి గౌరవం ఇవ్వాలి. ఆ హక్కు వంశపారంపర్యంగా కొందరికే దక్కి మిగతావారు బయటే ఉండిపోయారన్న సంగతినీ మరువకూడదు. తిరుగు ప్రయాణంలో నెల్లూరులో ఒకరోజు ఆగి, ఇందుకూరుపేట మండలంలోని మైపాడు తీరానికి వెళ్లినప్పుడు అదే ఆలోచన వెంటాడింది. మా తీరంలోని పట్టపుపాళేలలో, అంటే జాలర్ల పల్లెల్లో, కుల కాపులనే పెద్దలు కూర్చుని తీర్పు చెప్పడం, దురాయి (నిషేధం) పెట్టడం ఇప్పటికీ ఉన్నాయి. ఆ కూటాల్లో ఆడవారికి చోటు ఉండదు. ఇరకంలో ఆ స్త్రీ లేచి అడగగలిగింది గ్రామసభ కాబట్టే.

యాత్రికుల సౌకర్యాల విషయానికి వస్తే మైపాడుకు నెల్లూరు నుంచి బస్సులు, ఆటోలు దండిగా ఉన్నాయి, చేపల కూరతో భోజనం దొరుకుతుంది, కుటుంబంతో వెళ్లడానికి అదే సులువు. తీరంలో చెత్త ఎక్కువగా ఉంది. శని, ఆదివారాలు తప్పించి వెళితే మేలు. ఇరకంలో భోజనం దొరుకుతుందని నమ్ముకోకుండా నీళ్లు, తినేవి వెంట తీసుకెళ్లాలి, ప్లాస్టిక్ తిరిగి తెచ్చుకోవాలి. ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లేవారికి పక్షులు కూడా కనిపిస్తాయి. వెళ్లేది ఉదయం పడవలోనే వెళ్లండి. తిరుగు పడవలో జనం ఎక్కువగా ఉంటే ఊరివారిని ముందు ఎక్కనివ్వండి. మనకు వేరే దారి దొరుకుతుంది, వారికి అదొక్కటే దారి.