పాత డిజైర్‌కి బుష్ పుల్లర్ కిట్: కొన్నేళ్లు వాడాక

బండి కింద కీళ్ల దగ్గర కన్నాల్లో బిగుతుగా ఉండే రబ్బరు బుష్‌లని (లోపల ఇనుప గొట్టం, బయట ఇనుప రింగు, మధ్యలో రబ్బరు) లాగి తీసే సామానే బుష్ పుల్లర్. అది కొనేటప్పుడు పెట్టెలో కప్పులు, అంటే బుష్ జరిగొచ్చి పడే గిన్నెల్లాంటి ఇనుప ముక్కలు, ఎన్ని ఉన్నాయని చూడకండి. రాడ్డు గట్టిదా కాదా, నట్టు కింద బేరింగ్ ఇచ్చారా లేదా, ఈ రెండే చూడండి. నా కిట్‌లో కప్పులు పెట్టె నిండా ఉన్నాయి, చేతిలోకి వచ్చేవి మాత్రం ఎప్పుడూ ఆ మూడు నాలుగే.

బండి 2009 మోడల్ స్విఫ్ట్ డిజైర్ డీజిల్. మాది శ్రీకాకుళం, గార మీదుగా కళింగపట్నం వైపు తిరుగుడు ఎక్కువ. ముందు డీజిల్ ఇంజిన్ బరువు, కింద సముద్రం ఉప్పుగాలి. గుంతలో పడితే ముందు చక్రం దగ్గర దబ్బుమనడం, బ్రేకు వేస్తే బండి ఓ పక్కకి లాగడం మొదలైతే లోయర్ ఆర్మ్ (ముందు చక్రాన్ని బండి అడుగుకి కలిపే ఇనుప చెయ్యి) బుష్‌ల పని అయిపోయిందనే అనుమానించాలి.

పాత బుష్ ఊడదీయడానికి మా వైపు షెడ్లలో గ్యాస్ మంటే వాడుక. “ఏటి బాబూ, మంట పెడితే ఐదు నిమిషాల్లో ఊడొచ్చేస్తాది, దీనికి ఇంత సామానెందుకు?” అన్నాడు మా మేస్త్రీ. ఊడొచ్చే మాట నిజమే. కానీ అదే ఆర్మ్ చివర, చక్రం వైపు, బాల్ జాయింట్ అనే గుండు కీలు ఉంటుంది. ఆ వేడికి దాని రబ్బరు తొడుగు పాడవుతుంది, లోపలి గ్రీజు కరిగిపోతుంది. ఆర్మ్ మీద రంగు కాలిపోయిన చోట మా ఉప్పుగాలికి తుప్పు పట్టడానికి ఎన్నాళ్లో పట్టదు. ఆ నల్లపొగ పీల్చే కుర్రాళ్ల సంగతి సరేసరి. నాకైతే ఆ పద్ధతి మనసొప్పదు.

పుల్లర్ పని సులువుగానే అర్థమవుతుంది. ఒక పక్క బుష్ కన్నా వెడల్పు కప్పు ఆర్మ్ అంచుకి ఆనాలి. రెండో పక్క బుష్ బయటి రింగు కన్నా కాస్త చిన్న బిళ్ల పెట్టాలి. మధ్యలోంచి రాడ్డు దూర్చి నట్టు తిప్పుతూ ఉంటే బుష్ మెల్లగా కప్పులోకి జరుగుతుంది. బేరింగ్ లేకపోతే మన బలంలో చాలా భాగం నట్టుకీ వాషర్‌కీ మధ్య రాపిడికే పోతుంది, మరలు అరిగిపోతాయి. హార్డ్‌వేర్ కొట్లో దొరికే మామూలు మరల రాడ్డు దీనికి పనికిరాదు. కిట్‌తో వచ్చిన రాడ్డు మరలు అరిగాక విశాఖలో 8.8 గ్రేడుది, అంటే గట్టి ఉక్కుది, కొన్నాను, ఇప్పటికీ అదే నడుస్తోంది. బిగించే ముందు మరలకి గ్రీజు దండిగా పట్టించాలి.

తుప్పుతో అతుక్కుపోయిన బుష్ దగ్గర మాత్రం పుల్లర్ ఒక్కదానివల్ల కాదు. మొండిగా బిగిస్తే ఆర్మ్ రేకు వంగుతుంది. అలాంటప్పుడు రబ్బరుకి డ్రిల్లుతో చుట్టూ తూట్లు పెట్టి లోపలి గొట్టం తీసేస్తాను. హాక్సా బ్లేడు విప్పి, కన్నంలోంచి దూర్చి, మళ్లీ ఫ్రేముకి బిగించి మిగిలిన బయటి రింగుని లోపలి నుంచి కోస్తాను. మొదట నల్లటి రబ్బరు నలుసులు రాలతాయి. తర్వాత తళతళలాడే ఇనుప రజను. ఆ రజనులో ఎర్రటి తుప్పు పొడి కనబడగానే ఆపేయాలి, ఎందుకంటే అది రింగుకీ ఆర్మ్‌కీ మధ్య ఉన్న తుప్పు. ఇంకో రెండు లాగులు లాగితే బ్లేడు ఆర్మ్‌ని తినేస్తుంది. అక్కడ ఆపి పుల్లర్ బిగిస్తే టప్‌మని శబ్దం వస్తుంది, ఆ పైన నట్టు తేలిగ్గా తిరుగుతుంది.

కొత్తది ఎక్కించడానికీ ఇదే కిట్. పాతది తీసే ముందే అది ఏ దిక్కుకి తిరిగి ఉందో ఆర్మ్ మీద గీత పెట్టుకోవాలి. నూనె, గ్రీజు రబ్బరుకి పడవు, ఉబ్బిపోతుంది. సబ్బునీళ్లు చాలు. ఆర్మ్ బోల్టుల ఆఖరి బిగింపు చక్రాలు నేల మీద ఆనాకే చేయాలి. బండి జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి తొందరగా చిరుగుతుంది. షెడ్డుల్లో చాలామంది పట్టించుకోనిది ఇదే. అంతా అయ్యాక అలైన్‌మెంట్ ఎలాగూ తప్పదు.

బాల్ జాయింట్ కూడా ఆడుతుంటే బుష్‌లతో కుస్తీ పట్టొద్దు, ఆర్మ్ మొత్తం కొత్తది వేయండి. నా వరకు కిట్ డబ్బులు రాబట్టింది వెనక యాక్సిల్ బుష్‌ల దగ్గర. యాక్సిల్ మొత్తం విప్పకుండా, దాని ముందు భాగం మాత్రం కిందికి దించి, బ్రేకు గొట్టాలు సాగకుండా చూసుకుంటూ బండి కిందే పని ముగించొచ్చు. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా రెండు వైపులా స్టాండ్లు పెట్టాలి.

కార్లు, చిన్న వ్యాన్లకి ఈ కిట్ సరిపోతుంది. లారీ కమాన్ కట్టల బుష్‌లకి మాత్రం దీన్ని పెట్టొద్దు, రాడ్డు విరుగుతుంది. అవి సాలూరు లాంటి లారీల ఊళ్లో పెద్ద ప్రెస్సు మీద తీయించుకోవాల్సినవి.